రంగం ఓడ ఆగిపోయిన తీరం

కోరంగి అనగానే మడ అడవులు, చెక్క వంతెన, పడవ షికారు గుర్తొస్తాయి. కానీ ఒకప్పుడు బంగాళాఖాతం అవతల ఈ ఊరి పేరే తెలుగు కూలీ పేరు! ఆకలి వాళ్లను ఓడెక్కించింది. యుద్ధం అడవుల గుండా నడిపించి వెనక్కి తరిమింది. ఎక్కడో పేలిన బాంబు మన తీరంలో ఎన్ని పొయ్యిలు ఆర్పుతుందో తెలియాలంటే కాకినాడ - యానాం రోడ్డు మీద ఒక్కసారి ప్రయాణించాలి.

కాకినాడలో యానాం బస్సెక్కితే ఊరు దాటిన కాసేపటికే గాలి మారిపోతుంది. ఎడమవైపు ఉప్పుటేర్లు, రొయ్యల చెరువులు. పుష్య అమావాస్యకు జనం తండోపతండాలుగా సముద్రస్నానాలకు వచ్చే చొల్లంగి ముందుగా పలకరిస్తుంది. ఇంకాస్త ముందుకెళితే కోరంగి అభయారణ్యం. కాకినాడ నుంచి అటూఇటుగా 20 కిలోమీటర్లు.

టికెట్టు కొనుక్కుని లోపలికి అడుగుపెడితే ఎండ వెనకే ఉండిపోతుంది. చెక్క వంతెనకు రెండువైపులా తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు ఆ చెట్ల ముక్కుపుటాలు. గాలి పీల్చుకునేది వాటితోనే. ఆటుకు నీళ్లు తీస్తే బురద మీద పీతల పరుగులు. అదృష్టం బాగుంటే నీటిపిల్లుల గుంపు, ఇంకా బాగుంటే బావురుపిల్లి కనిపిస్తాయి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. ఉప్పెన వచ్చినప్పుడు ఊళ్లకు అడ్డుగోడ కూడా ఇదే.

వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఫొటోలు దిగి, పడవెక్కి, సాయంత్రానికి కాకినాడ చేరి కాజా పొట్లం కట్టించుకుంటారు. కోరంగి అసలు కథ మాత్రం ఆ నీళ్లకు అవతల ఉంది.

ఊరి పేరే మనిషి పేరు

ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు కానీ, కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు. ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. 1789లో వచ్చిన ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. మళ్లీ లేచి నిలబడింది. 1839 నవంబరులో మరో తుపాను. ఆపైన గోదావరి తెచ్చిన ఒండ్రు మట్టి మేట వేసింది. పెద్ద ఓడలు రావడం మానేశాయి. కోరంగి వైభవం కాకినాడకు తరలిపోయింది.

రేవు పోయినా పేరు మిగిలింది. ఎక్కడ? బర్మాలో! ఈ తీరం నుంచి వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ ‘కొరింగీలు’ అనేవారు. బ్రిటిష్ వాళ్ల కాగితాల్లోనూ అదే మాట. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినా, విశాఖ వైపు నుంచి వెళ్లినా, గోదావరి లంకల నుంచి వెళ్లినా ఓడ దిగగానే అందరూ కొరింగీలే. కోరంగిని కన్నెత్తి చూడనివాళ్లకూ ఆ ఊరే ఇంటిపేరయింది. పిలుపులో గౌరవం ఉండేది కాదు. బస్తాలు మోసేవాడు, రిక్షా లాగేవాడు, వీధులు ఊడ్చేవాడు అన్న చులకన ఉండేది.

యుద్ధం ఇచ్చిన సిరి

ఈ తీరానికి యుద్ధం ఎప్పుడూ చేటే చేసిందనుకుంటే పొరపాటు. కాకినాడకు మొదటి మహర్దశ పట్టింది ఒక యుద్ధం వల్లే. అదీ అమెరికాలో జరిగిన యుద్ధం! 1861 నుంచి 1865 దాకా అక్కడ ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్నాయి. అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లండ్ మిల్లులు బావురుమన్నాయి. వ్యాపారుల చూపు మన దేశం మీద పడింది. ఆంధ్రదేశపు పత్తి కాకినాడ రేవుకు చేరి ఓడలెక్కింది. ఈ పత్తికి బజారులో ‘కొకనాడా’ అన్న పేరే స్థిరపడింది. ఆ యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ వచ్చింది, ఇక్కడి పత్తి ధరలు పడిపోయాయి. పెంచినప్పుడూ రైతును ఎవరూ అడగలేదు, పడేసినప్పుడూ అడగలేదు.

బర్మా దారి తెరిచిందీ ఒక యుద్ధమే. 1852లో బ్రిటిష్ వాళ్లు దిగువ బర్మాను గెలుచుకున్నారు. ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేయించారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఆ బియ్యానికి యూరప్ బజారు దగ్గరైంది. పొలం కోతలకు, మిల్లులో ధాన్యం దంచడానికి, రేవులో బస్తాలు ఎత్తడానికి మనుషులు కావాలి. కరవులు, అప్పులు, జమీందారీ పన్నులతో నలిగిపోతున్న గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో మనుషులకు కొదవేముంది?

‘రంగం’ పోదాం

రంగూన్ అని నోరు తిరక్క మనవాళ్లు ‘రంగం’ అన్నారు. ఊళ్లోకి మేస్త్రీ వచ్చేవాడు. చేతిలో కొంత అడ్వాన్సు పెట్టేవాడు. ఆ డబ్బుతో పాత అప్పు తీరేది, కొత్త అప్పు మొదలయ్యేది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో స్టీమర్లు ఆగేవి. డెక్కు మీద చాపలు, మూటలు, చంటిపిల్లలు. నాలుగైదు రోజుల్లో రంగం.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు. వాళ్లలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైనే. రంగూన్ నగరంలో అయితే సగానికి పైగా భారతీయులే! రేవు కూలీల్లో, బియ్యం మిల్లుల్లో, పారిశుద్ధ్య పనుల్లో మనవాళ్లదే పెద్ద చెయ్యి. ఇక్కడ గుడిసెకు కొత్త తాటాకు పడిందంటే, ఆడపిల్ల పెళ్లి కుదిరిందంటే రంగం నుంచి మనియార్డరు వచ్చినట్టే. ‘రంగూన్ రౌడీ’ అన్న నాటకం ఆంధ్రదేశంలో ఊరూరా ఆడిందంటే ఆ పేరు మన నోళ్లలో ఎంతగా నానిందో చూడండి.

అక్కడ బతుకు పూలపాన్పేమీ కాదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలి మనవాళ్లు తిరిగి పనిలోకి వెళ్లగానే రెండు వర్గాల మధ్య అల్లర్లు. వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఇద్దరు పేదవాళ్ల మధ్య ఒక్క పని పడేస్తే ఏమవుతుందో ఆ నాలుగు రోజుల్లో తెలిసొచ్చింది. అయినా ఓడలు ఆగలేదు. ఆకలి ఆగితేగా!

డిసెంబరు 23, 1941

ఆ రోజు పొద్దున రంగూన్ ఆకాశంలో విమానాలు కనిపించాయి. బాంబుదాడి ఎలా ఉంటుందో జనానికి తెలీదు. వీధుల్లోకి వచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డారు. ఎక్కువమంది చనిపోవడానికి అదే కారణం. మృతులు సుమారు 2 వేలమందని అంచనా. రెండు రోజులు తిరక్కుండానే, క్రిస్మస్ రోజున జపాన్ విమానాలు మళ్లీ వచ్చాయి.

రేవు కూలీలు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. అంతే, మహానగరం మంచాన పడింది. చైనా కోసం అమెరికా పంపిన సరుకు రేవులో గుట్టలుగా పడి ఉంది, దించే చెయ్యి లేదు. పారిశుద్ధ్య పనివాళ్లు వెళ్లిపోయారు, వీధులు కంపుకొట్టాయి. ‘కొరింగీ’ లేకపోతే రంగూన్ ఒక్క రోజు కూడా నడవదని దొరలకు అప్పుడు తెలిసింది. తెలిశాక ఏం చేశారు? కాలినడకన బయల్దేరినవాళ్లను కొంతకాలం దారిలోనే ఆపి వెనక్కి పంపాలని చూశారు. వాళ్లు చస్తారన్న బెంగ కన్నా పని ఆగుతుందన్న బెంగే ఎక్కువ.

డబ్బున్నవాళ్లకు ఓడ టికెట్టు దొరికింది. మరీ పెద్దవాళ్లకు విమానం. మిగిలినవాళ్లకు కాళ్లు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఆ రేవు నుంచి మన తీరానికి ఇక స్టీమరు లేదు.

మూడు దారులు

మొదటి దారి ప్రోమ్ నుంచి కొండలు దాటి తౌంగప్, అక్కడి నుంచి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్. రెండోది తాము మీదుగా మణిపూర్‌లోకి, ఇంఫాల్ దాటి దీమాపూర్ రైలు స్టేషనుకు. మూడోది అన్నిటికన్నా ఘోరం. ఉత్తరాన హుకాంగ్ లోయలో అడవుల గుండా, పాంగ్‌సా కనుమ దాటి అస్సాంలోని లీడోకు. మే నెలలో వానలు మొదలయ్యాక ఆ లోయంతా బురద, జలగలు, మలేరియా.

నెత్తిన మూట, చంకన బిడ్డ, పక్కన ముసలి తల్లి. నీళ్లు దొరికిన చోట కలరా, దొరకని చోట దప్పిక. తెల్లవాళ్లకు మంచి దారి, నల్లవాళ్లకు చెడ్డ దారి అంటూ మన దేశంలో పెద్ద దుమారమే రేగింది. హృదయనాథ్ కుంజ్రూ వంటి నాయకులు సరిహద్దుకు వెళ్లి చూసి వచ్చి, ఆ వివక్షను బయటపెట్టారు.

ప్రాణాలతో దేశం చేరినవాళ్లు 4 నుంచి 5 లక్షలమంది. దారిలో రాలిపోయినవాళ్లు 10 వేలని కొందరు, 50 వేలని కొందరు, అంతకు మించి అని ఇంకొందరు. లెక్క రాసినవాళ్లెవరు? కూలీ పేరు ఓడెక్కేటప్పుడు మేస్త్రీ పద్దులో ఉంటుంది, అడవిలో పడిపోయినప్పుడు ఏ పద్దులోనూ ఉండదు. ఈ నడక గురించి రాసిన బ్రిటిష్ చరిత్రకారుడు హ్యూ టింకర్ దానికి పెట్టిన పేరు ‘మరచిపోయిన సుదీర్ఘ నడక’. పేరు పెట్టింది 1975లో. అప్పటికే మరిచిపోయాం మరి.

బాంబులు ఇంటిదాకా...

రంగం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఊపిరి పీల్చుకునేలోపే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో తిరుగుతున్న జపాన్ నౌకాదళం 20కి పైగా వర్తక నౌకలను ముంచేసింది. తీరప్రాంత పట్నాల్లో జనం బళ్లు కట్టుకుని లోపలి పల్లెలకు తరలిపోయారు.

విశాఖలో సింధియా కంపెనీ షిప్‌యార్డుకు 1941లోనే బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఆ యార్డు నుంచి తొలి నౌక ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది మాత్రం 1948లో, నెహ్రూ చేతుల మీదుగా.

అన్నం గిన్నెలోకి వచ్చిన యుద్ధం

బాంబు పడితే చప్పుడు వినిపిస్తుంది. బియ్యం ఓడ ఆగితే చప్పుడుండదు. కానీ ఎక్కువ ప్రాణాలు తీసింది అదే.

యుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యం ఎగుమతికి బర్మాదే అగ్రస్థానం. ఏటా సుమారు 30 లక్షల టన్నులు! అందులో సగం దాకా మన దేశానికే. మనం తినే బియ్యం మొత్తంలో అది చిన్న వాటానే. కానీ ఆ చిన్న వాటా మీదే ఆధారపడిన ప్రాంతాలు కొన్నున్నాయి. తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాల్లో బర్మా బియ్యం ఆగేసరికి పేదల కంచంలోకి అన్నం బదులు కర్రపెండలం వచ్చింది. సింహళంలోనూ ఇదే కటకట.

బెంగాల్‌లో జరిగింది ఘోరం. బర్మా బియ్యం లేదు. జపాన్ వాళ్లు వస్తే చిక్కకూడదని తీరప్రాంతాల్లో బియ్యాన్ని ప్రభుత్వమే తరలించింది, వేల పడవలను లాగేసుకుంది. పడవ లేని జాలరికి వేట లేదు, పడవ లేని ఊరికి సరుకు లేదు. 1942 అక్టోబరులో మేదినీపూర్‌ను తుపాను కొట్టింది. యుద్ధం ఖర్చులకు నోట్లు ముద్రించేకొద్దీ ధరలు ఆకాశాన్నంటాయి. వ్యాపారులు సరుకు దాచారు. 1943లో జనం కలకత్తా వీధుల్లో గంజి నీళ్ల కోసం చేతులు చాస్తూ చనిపోయారు. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం మృతులు 15 లక్షలని తేల్చింది. తర్వాతి పరిశోధకుల అంచనాలు 30 లక్షల దాకా వెళ్లాయి. బెంగాల్ నేల మీద పెద్ద యుద్ధమేదీ జరగలేదు. అయినా అన్ని లక్షల ప్రాణాలు!

మన ఇళ్లలోకి రేషన్ అన్న మాట వచ్చిందీ ఆ రోజుల్లోనే. మద్రాసు రాష్ట్రంలో ఆ కంట్రోళ్లు యుద్ధం ముగిసినా పోలేదు. 1952లో రాజాజీ ముఖ్యమంత్రి అయ్యాక గానీ ఎత్తేయలేదు. నాయనమ్మలు ‘కంట్రోలు బియ్యం’ అంటే మనం ఇప్పటికీ అర్థం చేసుకుంటాం. ఆ మాట వెనకున్నది రంగూన్ మీద పడిన బాంబు అని మాత్రం గుర్తుండదు.

మళ్లీ వెళ్లారు... మళ్లీ వచ్చారు

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి బర్మా వెళ్లారు. ఏళ్ల తరబడి చేసిన పని, వదిలేసి వచ్చిన ఇల్లు, కొందరికి అక్కడే ఉండిపోయిన కుటుంబం. కానీ ఆ పాత రంగం లేదు. 1948లో బర్మా స్వతంత్ర దేశమైంది. 1962లో జనరల్ నెవిన్ సైనిక పాలన వచ్చింది. దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేశారు. 1964లో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. దాచుకున్న డబ్బు చిత్తుకాగితమైంది. ఆ దశాబ్దంలో సుమారు 3 లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. ఈసారి నడవలేదు, ఓడల్లో వచ్చారు. కానీ చేతులు ఖాళీయే.

విశాఖపట్నం వెళ్లినప్పుడు బీచ్, కైలాసగిరి చూశాక వీలుంటే కంచరపాలెం వైపు వెళ్లండి. అక్కడ ‘బర్మా క్యాంపు’ అని అడిగితే ఆటోవాళ్లు తీసుకెళతారు. ‘క్యాంపు’ అన్న పేరు మిగిలింది కానీ చూస్తే మామూలు బస్తీనే. ఇళ్లు, కిరాణా కొట్లు, బడికెళ్లే పిల్లలు. తాత్కాలికం అనుకున్నది తరతరాల చిరునామా అయింది. అవతలి ఒడ్డున తిరిగి రానివాళ్లూ ఉన్నారు. మయన్మార్‌లో ఇప్పటికీ ఉగాది చేసుకునే, పిల్లలకు అఆలు దిద్దించే తెలుగు కుటుంబాలున్నాయి.

ఇప్పటి రేవులో...

మళ్లీ కాకినాడకు వద్దాం. సాయంత్రం పూట బీచ్‌లో నిలబడి చూస్తే దూరంగా లంగరు వేసిన ఓడలు చుక్కల్లా కనిపిస్తాయి. యాంకరేజి పోర్టు అంటే అదే. ఒడ్డున బార్జీల్లోకి బియ్యం బస్తాలు ఎక్కిస్తారు. బార్జీలు సముద్రంలోకి వెళ్లి ఓడలకు అందిస్తాయి. ఆ బియ్యం ఎక్కువగా ఆఫ్రికా దేశాలకు. విచిత్రం చూడండి. ఒకప్పుడు రంగూన్‌లో బియ్యం బస్తా మోయడానికి ఈ తీరం నుంచి మనుషులు ఓడెక్కారు. ఇప్పుడు ఈ తీరంలోనే బియ్యం ఓడెక్కుతోంది. బర్మా పోగొట్టుకున్న ఆ పెద్దపీట మళ్లీ దక్కించుకోలేదు. దశాబ్దానికి పైగా ప్రపంచ బియ్యం బజారులో మొదటి స్థానం మన దేశానిదే.

అలాగని యుద్ధం మనల్ని వదిలిందా? 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి వెళ్లాయి. అప్పట్లో మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వచ్చేది. కాకినాడలోనే నూనె శుద్ధి కర్మాగారాలున్నాయి. వారాలు తిరక్కుండానే మన వంటింట్లో నూనె ప్యాకెట్టు ధర మండిపోయింది. గోధుమ, మొక్కజొన్న ధరలు పెరిగి పశువుల దాణాకు నూకల గిరాకీ పెరిగింది. ఆ సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించడానికి అదీ ఒక కారణం. 2023 జులైలో, దేశంలో ధరలు అదుపు చేయడానికి, తెల్ల బియ్యం ఎగుమతినీ ఆపారు. 2024 సెప్టెంబరులో గానీ ఎత్తేయలేదు. ఎగుమతి ఆగితే వ్యాపారి నష్టం పేపర్లో పడుతుంది. బస్తాకు ఇంత అని కూలి తీసుకునే హమాలీ నష్టం ఇంట్లోనే ఉండిపోతుంది.

అదే ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలు బ్యాగులు వీపుకు తగిలించుకుని మంచులో సరిహద్దులకు నడవడం టీవీల్లో చూశాం. 20 వేలమందికి పైగా భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు. యానాం వంతెన దాటితే వచ్చే కోనసీమకు ఇది కొత్త కాదు. రంగం పోయాక అక్కడివాళ్లకు గల్ఫ్ వచ్చింది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు లక్షా 70 వేలమంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో చేరవేశారు. వాళ్లలో గోదావరి, కడప జిల్లాలవాళ్లూ ఉన్నారు. పెట్టెలు అక్కడే వదిలి కట్టుబట్టలతో దిగారు. చేసిన అప్పు మాత్రం ఊళ్లో అలాగే ఉంది. గల్ఫ్‌లో ఎక్కడ క్షిపణి పేలిందన్న వార్త వచ్చినా కోనసీమలో ఫోన్లు మోగేది అందుకే.

తేడా ఒకటుంది. ఇప్పుడు విమానం పంపుతున్నాం. పేర్లు రాసుకుంటున్నాం. 1942లో నడిచినవాళ్లకు ఆ రెండూ దక్కలేదు. కోరంగిలో చెట్ల పేర్లు చెప్పే బోర్డులున్నాయి, పక్షుల బొమ్మలున్నాయి. ఈ ఊరి పేరు మోసిన లక్షలమంది కూలీల గురించి కూడా నాలుగు వాక్యాలు రాసి పెడితే ఎంత బాగుంటుంది! పిల్లలతో వెళ్లేవాళ్లు అందాకా ఆగనక్కర్లేదు. చెక్క వంతెన మీద నడుస్తూ ఈ కథ మీరే చెప్పొచ్చు.

ఎలా వెళ్లాలి?

కాకినాడకు రైళ్లు, బస్సులు పుష్కలం. విమానంలో వచ్చేవాళ్లకు రాజమహేంద్రవరం విమానాశ్రయం దగ్గర. కాకినాడ నుంచి యానాం వెళ్లే బస్సులన్నీ కోరంగి మీదుగానే వెళతాయి, ఆటోలూ దొరుకుతాయి. వానాకాలం పోయాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. పడవ షికారు ఆటుపోట్లను బట్టి ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిది. అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకెళితే 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం, గౌతమి ఒడ్డు చూసి రావచ్చు. తిరుగు ప్రయాణంలో కాకినాడ బీచ్‌కు పొద్దు వాలకముందే చేరండి. లంగరు వేసిన బియ్యం ఓడలు కనిపించేది అప్పుడే.